పెరటి గోడ మీద రొట్టె ముక్క

మాఘమాసం సగం దాటి, తెల్లవారుఝామున మంచు కొబ్బరాకుల మీంచి బొట్లు బొట్లుగా రాలుతూనే, పొద్దెక్కేసరికి ఎండ వీపు మీద చురుక్కుమనే రోజులొచ్చేయంటే, సాయంత్రంపూట వంటింటివైపు చూడ్డానికి నాకు ఇప్పటికీ ఏదో బెరుకు. నిన్న దీపాలు పెట్టే వేళకి మా కోడలు నా ఫలహారానికని మినపరొట్టె వేసింది. రాత్రిళ్ళు నాకు అన్నం లేదు. మా వారు పోయిన నాటినుంచీ రొట్టో, ఉప్పుడుపిండో, గుప్పెడు అటుకులో, అంతే. కోడలు మంచి పిల్లే, దాన్ని ఒక మాట అననివ్వను గాని, రొట్టెను అట్టులాగ అట్లకాడతో తిరగేసి రెండోవైపు కాలుస్తుంది. పైన నిప్పులు వెయ్యాలి గదే అమ్మా అంటే, ఇప్పుడెవరు వేస్తున్నారండీ అత్తయ్యగారూ, మూత పాడైపోదూ అంది. సరే, మూత చల్లగా ఉంటే చాలునని ఊరుకున్నాను. ఊరుకున్నాను గాని, మినప్పిండి అంచు ఎర్రబడే ఆ వాసన తగిలేసరికి ముక్క నోటిదాకా వెళ్ళలేదు. దొడ్డి గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టనిపించింది. ఎవరూ లేరని నాకు తెలుసు. తెలిసీ తలెత్తి చూశాను. యాభై ఏళ్ళుగా ఇదే వరస.

నా ఈడువాళ్ళకి దిబ్బరొట్టె ఎలా వేసేవారో చెప్పక్కర్లేదు. తెల్లారగట్ల పప్పు నానబోసి, మధ్యాహ్నం రుబ్బురోట్లో చెయ్యి పడిపోయేలా రుబ్బి, బియ్యపు రవ్వా జీలకర్రా కలిపి, సాయంత్రానికి మూకుట్లో బెత్తెడు మందాన పోసి, కింద పిడకల సెగ, పైన మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు. ఇంక అక్కణ్ణించి కదలకూడదు, మూత తియ్యకూడదు. వాసనతోనే తెలుసుకోవాలి. లోపల గుల్లగా, చుట్టూ కరకరలాడే చెక్కుతో అది దిగేసరికి పిల్లలం ఆవురావురుమంటూ ఉండేవాళ్ళం, చెరుకు పానకం పోసి పెడితే వేళ్ళు నాక్కుంటూ తినేవాళ్ళం. మా ఇంట్లో ఆ రొట్టె ఎవరు పడితే వాళ్ళు వెయ్యడానికి లేదు. అది మా పెద్దమ్మ సొత్తు.

మాది అమలాపురానికి పొద్దున్నే నడక మొదలుపెడితే భోజనాల వేళకి చేరే దూరంలో, వైనతేయ గోదావరి రేవుకి దగ్గరగా ఉండే చిన్న అగ్రహారం. తాతగారు వీధరుగు మీద వేదం చెప్పేవారు. ఆయన పెద్దకొడుకు, అంటే మా పెదనాన్న, నేను పుట్టకముందే తర్కం చదువుకుని వస్తానని కాశీ బయల్దేరి వెళ్ళేడట. అప్పటికి పెద్దమ్మ కాపరానికొచ్చి రెండేళ్ళు కూడా నిండలేదట. రైళ్ళా, టపాలా, ఏమున్నాయి గనక ఆ రోజుల్లో? కాళ్ళే బళ్ళు. మొదటి ఏడు ఎవరో యాత్రికులు నాగపురం దగ్గర కనిపించేడని చెప్పేరు. ఆ తరువాత ఇంక కబురు లేదు. మా అమ్మకి ఏడాదికొక కాన్పు. అంచేత నేను పెద్దమ్మ ఒళ్ళోనే పెరిగేను. ఆవిడకి పిల్లలు లేరు, నాకు అమ్మ తీరిక లేదు, ఇద్దరికీ సరిపోయింది. మనిషి బొద్దుగా, పచ్చగా ఉండేది. నోరు మాత్రం, అబ్బో! రొట్టె కాలకుండా మూకుడు చుట్టూ తిరిగితే, మూతి మీద నిప్పు పెడతాను పొండే ముదనష్టపు సంతా అని కసిరేది, కసిరిన చేత్తోనే అంచు చెక్కు ముందుగా నాకు తుంచి పెట్టేది. నుదుట కానీ బిళ్ళంత కుంకం, చేతుల నిండా గాజులు, మోకాళ్ళు దాటే జడ. మీ ఆయన ఎప్పుడొస్తాడే అని ఎవరైనా వెక్కిరింపుగా అడిగితే, రొట్టె వాసన పట్టుకుని వస్తారు లెండి అనేది.

ఇప్పటివాళ్ళకి చెప్పవలసిన సంగతి ఒకటుంది. మనిషి దేశం వెళ్ళి పన్నెండేళ్ళు ఏ కబురూ లేకపోతే, వాడు పోయినట్టే లెక్కగట్టి కర్మ చెయ్యాలని శాస్త్రం. చెయ్యకపోతే ఆ జీవుడు దిక్కులేక ఇంటి చుట్టూ తిరుగుతాడనీ, ఇంటికి అరిష్టమనీ భయం. మా ఇంట్లో పన్నెండేళ్ళూ నిండిన ఆ ఏడు చూలావు చచ్చింది, మా తమ్ముడు పురిట్లోనే పోయేడు. ఇంకేముంది, ఇదంతా పెద్దవాడి ఉసురేనని మా మామ్మే ముందు అంది, కన్నతల్లి అయ్యుండీను. తాతగారు పంచాంగం తీసేరు. పెద్దమ్మ ఏనాడూ మామగారి ఎదుట నోరు విప్పిన మనిషి కాదు. ఆ రోజు తలుపు వెనకనుంచి అడిగింది.

"ఆయన పోవడం ఎవరు చూసొచ్చేరండీ?"

ఎవరూ చూడక్కర్లేదమ్మా, శాస్త్రం చూసింది, అన్నారు తాతగారు. కఠినంగా అనలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. అయినా అనేశారు.

మాఘ బహుళంలో రేవు పక్క ఇసకలో మోదుగ కాడలతో, దర్భలతో మనిషి బొమ్మ కట్టేరు. తలకి కొబ్బరికాయ పెట్టేరు. దాన్ని పాడె మీద పడుకోబెట్టి, నలుగురు మోసి, మా నాన్నగారిచేత నిప్పు పెట్టించేరు. పిల్లల్ని రావద్దన్నా కొబ్బరిచెట్ల చాటునుంచి చూశాం. కాయ పేలినప్పుడు మామ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పదోరోజున పెద్దమ్మ గాజులు చితక్కొట్టి, మంగలిని పిలిపించి, మోకాళ్ళు దాటే ఆ జడ తీయించేసేరు. తెల్ల పంచె కప్పుకుని వంటింట్లోకి వచ్చిన మనిషిని చూసి నేను గుర్తుపట్టలేక ఏడుస్తూ వెనక్కి పరుగెత్తేను. వెధవముండలకి రాత్రి అన్నం లేదు గనక, అంతవరకూ చలికాలంలో సరదాకి ఇంటిల్లిపాదికీ వేసే రొట్టె ఇంక ఆవిడకి జీవితాంతం రాత్రిభోజనం అయింది. పిండి చిన్న మూకుట్లోకి తగ్గింది. నోరు కూడా తగ్గింది. అంచు తుంచి పెట్టడం మాత్రం మానలేదు.

ఏడాది గడిచింది. మాఘమాసమే మళ్ళీ, బహుళ పక్షం. ఆ పోయినాయన సంవత్సరీకాలకని ఇంట్లో అన్నీ కూర్చుకుంటున్నారు. మినుములు ఎండబెట్టేరు, నువ్వులు బాగుచేసేరు, చిక్కుడుపాదు ఆఖరి కాయలు కోసేరు. సాయంత్రం పెద్దమ్మ పెరటి వసారాలో రొట్టె వేస్తోంది. నేను పక్కన కూచుని నిప్పుల మీద నివురు ఊదుతున్నాను. మామిడిపూత వాసనా మినప్పిండి వాసనా కలిసి వస్తోంది. అప్పుడు దొడ్డి గుమ్మంలో ఒక మనిషి కనపడ్డాడు. గడ్డం, జడలు కట్టిన జుట్టు, కాషాయమో మట్టో తెలియని బట్ట, చంకలో తాటాకుల కట్ట. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి, ఒక కాలితో రెండో కాలి పిక్క రుద్దుకుంటున్నాడు.

పెద్దమ్మ ఆ కాలే చూసింది. మొహం చూడలేదు. నిప్పులున్న మూతను ఉత్త చేత్తో పట్టుకు తీసేసింది, కాలిన సంగతి కూడా తెలియలేదు కాబోలు. "మామ్మని పిలు" అంది నాతో. నేను లేవలేదు. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని విన్నాను గనక ఆయన పాదాల వంకే చూస్తూ కూచున్నాను. ముందుకే ఉన్నాయి, పగుళ్ళతో, దుమ్ముతో. పెద్దమ్మ అరటాకు చించి, సగం కాలిన రొట్టెలో ముక్క కోసి, ఆకు తీసుకెళ్ళి గుమ్మం గట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చింది. ఆయన నిలబడే తిన్నాడు. పొయ్యి కింద పిల్లి తిన్నట్టు, చప్పుడు చెయ్యకుండా, అటూ ఇటూ చూసుకుంటూ తిన్నాడు.

రేవులోనే ఆయనకి అంతా చెప్పేశారట. మీకు కర్మ చేసేశారండీ, రేపో ఎల్లుండో మీ తద్దినమండీ అని పడవవాడే చెప్పి, ఎక్కించుకోనని మొరాయించేడట. ఒడ్డెక్కేక దారి తప్పేడట కూడాను. ఆయన వెళ్ళిననాటికి లేని కాలవ మా చేల మధ్యనుంచి తవ్వేశారు, ఆనకట్ట నీళ్ళు వస్తున్నాయి, పాత పుంత దార్లు లేవు. పోయినవాడినని ఊరంతా నమ్మేక వీధి గుమ్మంలోంచి వస్తే ఇంటికి కీడని, ఆయనే తెలిసి దొడ్డిదారిన వచ్చేడు. ఇన్నేళ్ళు కాశీలో ఏం చేశావు, కబురైనా పంపలేదేమిరా అని తాతగారు అడిగితే చదువుకున్నానన్నాడు. అంతకుమించి ఏ రోజూ చెప్పలేదు. కన్నకొడుకును చూసి మామ్మ కెవ్వుమని విరుచుకు పడిపోయింది. తేరుకున్నాక కూడా తాకలేదు. దూరంనుంచే చూసి చూసి ఏడ్చింది.

శాస్త్రం చంపిన మనిషిని శాస్త్రమే బతికించాలి. తాతగారు మూడు ఊళ్ళ పండితుల్ని పిలిపించి తాళపత్రాలన్నీ తిరగేయించేరు. కర్మ జరిగినవాడు తిరిగొస్తే వాణ్ణి మళ్ళీ పుట్టించాలట. నేతికుండలో స్నానం చేయించి, జాతకర్మ చేసి, పేరు పెట్టి, ఒడుగు చేసి, అప్పుడు పెళ్ళి చెయ్యాలట. గడ్డాలాయన నెత్తిన నెయ్యి పోసుకుని తెల్లబట్టలో ముడుచుకు కూచుంటే, తాతగారు పసిపిల్లవాడికి చేసినట్టు బంగారపు ఉంగరంతో తేనే నెయ్యీ నాలుకకి రాయడం, చెవిలో కొత్త పేరు చెప్పడం మేం కిటికీలోంచి చూసి కిసకిసా నవ్వేం. నవ్వుతుంటే పెద్దవాళ్ళెవరూ కసరలేదు, అందుకే మాకు భయమేసి మానేశాం. పాత పేరుకి పిండాలు పెట్టేశారు గనక ఆ పేరు ఎవరూ నోట అనకూడదు. మామ్మ పిలవబోయి, నాలిక కరుచుకుని, ఒరేయ్ అని ఊరుకునేది. పాలేళ్ళు ఆయన నడిచిన చోట కాసేపు నడిచేవారు కారు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఆఖర్న ఉంది. అలా పుట్టినవాడికి పెళ్ళి చేసేటప్పుడు ఆ పూర్వపు భార్యనే ఇచ్చి చెయ్యాలని ఒక పత్రంలో ఉందట. తాతగారు ఆ మాట చదివి పైకే చెప్పేరు. పీటల మీద బోడితల కూచోదు గనక జుట్టు పెరిగేదాకా ఏడాది ఆగుదామన్నారు. మామ్మ నెలనెలా వచ్చే మంగలిని దొడ్డి గుమ్మంలోనే ఆపి, ఇంక రావద్దురా అని చేతిలో కొబ్బరికాయ పెట్టి పంపించేసింది. తలుపు వెనక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. వేళ్ళు విరిగిపోతాయనుకున్నాను.

ఆ ఏడాది పెద్దమ్మని మీరు చూడవలసింది. ఆయన బ్రహ్మచారి గనక వీధి వసారాలో ఉండేవాడు, ఈవిడ లోపల ఉండేది, ఒకరి కంట ఒకరు పడకూడదు. సాయంత్రం రొట్టె వేసి, ఆకులో ముక్క పెట్టి నాచేత పంపేది. తిన్నారా, ఏమన్నారు, పానకం సరిపోయిందా అని నన్ను పొడిచి పొడిచి అడిగేది. బాగుందన్నారే అంటే చాలు, ఇంత మొహం చేసుకునేది. మూకుడు మళ్ళీ పెద్దది వచ్చింది, తిట్లూ తిరిగొచ్చేయి. రొట్టె కాలినంతసేపూ ఆవిడ నాకు వీపు పెట్టి కూచుంటే నేను ఆ తలకి కొబ్బరినూనె రాసేదాన్ని. ముందు గరుకుగా గోనెపట్టాలాగ ఉండేది. శ్రావణానికి వేళ్ళ సందులోకి వచ్చింది. దీపావళికి దువ్వెన నిలిచింది. సంక్రాంతి వెళ్ళేసరికి జానెడు అయింది, చివర చిన్న ముడి వేస్తే పిచికగూడంత వచ్చింది. ఎంత మెత్తని జుట్టనుకున్నారు, పురిటి పిల్లల నెత్తిలాగ. పెళ్ళినాటికి ఇందులో పువ్వు నిలుస్తుందంటావుటే అని నవ్వేది. నిలుస్తుంది పెద్దమ్మా, మొగలిరేకైనా నిలుస్తుంది అనేదాన్ని. నిలుస్తుందనే అనుకున్నాం, ఇద్దరమూను.

రథసప్తమి వెళ్ళిన నాలుగు రోజులకి రాజోలువైపు నుంచి ఒకాయన వచ్చేడు. ఆయనకి పదేళ్ళ కూతురుంది, నా ఈడు పిల్ల. కాశీలో చదివొచ్చిన పండితుడికి పిల్లనిస్తానన్నాడు. వరసగా రెండు రోజులు మా అరుగు మీద మాటలే మాటలు. కర్మ చేసినప్పుడు తెగిన తాళి మళ్ళీ కట్టడం ఎక్కడుందన్నారు ఒకరు. కొత్తగా పుట్టినవాడికి కన్యనే ఇయ్యాలి గాని, వేరే మనిషి పెళ్ళాన్ని ఎలా ఇస్తారన్నారు ఇంకొకరు. ఆ వేరే మనిషి ఎవరయ్యా, వీడేగదా అని మా నాన్నగారు ఒక్కరే గట్టిగా అడిగితే, నువ్వు నిప్పు పెట్టినది ఎవరికో చెప్పమన్నారు. తాతగారు తల పట్టుక్కూచున్నారు. ఆవిడకి ముప్ఫయ్యేళ్ళు దాటుతున్నాయి, వంశం నిలబడాలి, ఆ మాట ఆయన మనసులో ముందే ఉంది. చివరికి పెదనాన్ననే అడిగేరు. తలుపు వెనక పెద్దమ్మా నేనూ ఉన్నాం. నీకేది సమ్మతమో చెప్పరా, శాస్త్రం రెండువైపులా ఉంది, నీ మాట ఎటంటే అటు చేస్తాను, అన్నారు తాతగారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారని ఇప్పటికీ నా నమ్మకం.

పెదనాన్న ఒక కాలితో రెండో కాలి పిక్క రుద్దుకున్నాడు.

"మీ ఇష్టం నాన్నగారూ" అన్నాడు.

అంతే. పన్నెండేళ్ళు కాశీలో తర్కం చదివిన మనిషి, ఏడాదిపాటు ఆ చేతి రొట్టె తిన్న మనిషి, ఆ ఒక్క మాట అని తల దించుకున్నాడు. ఒరేయ్ నీ నోరు పడా అని నేను అరవలేకపోయాను, పదేళ్ళదాన్ని. ఇప్పుడు రోజూ అరుస్తాను లోపల్లోపల.

మామ్మ లోపలికొచ్చి కోడలి మొహం చూడలేక గోడవైపు తిరిగి, నీ కర్మ ఇలా కాలిపోయిందే తల్లీ అని ఏడ్చింది. కర్మ కాదత్తయ్యగారూ, నోరు, ఆయనకి నోరు లేదు, అంది పెద్దమ్మ. ఏడవలేదు. మర్నాడు మంగలి వచ్చి దొడ్డి గుమ్మంలో నిలబడ్డాడు. ముసలాడు, వాడికీ ఆడపిల్లలున్నారు. కత్తి నూరుతూ నూరుతూ, చెయ్యాడట్లేదండమ్మగారూ అని పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. కానీరా, పొద్దుపోతోంది, నాకు పప్పు రుబ్బుకునే పనుంది, అందావిడ. పిచికగూడంత ముడి ముందు కోసేడు. నూనె రాసిన జుట్టు గనక కత్తికి జారింది, రెండు చోట్ల గాటు పడింది. ఆ ముడిని కొత్త కాలవలో కలిపి రమ్మని మామ్మ నాకిచ్చింది. నీళ్ళల్లో వదిలితే మునగలేదు. తూములదాకా తేలుతూనే పోయింది. నేను గట్టు మీద కూచుని కడుపు నొప్పెట్టేదాకా ఏడ్చేను.

ఆ సాయంత్రం పెద్దమ్మ మామూలుగానే పిడకలు పేర్చి చిన్న మూకుడు పెట్టింది. మూత మీద నిప్పులు వేసింది. రొట్టె దిగేసరికి, అలవాటు ప్రకారం నేను ఆకు పట్టుకు నిలబడ్డాను. వీధి వసారాలోంచి పెదనాన్న దగ్గు వినిపించింది. రొట్టె వేళకి ఆయన అలా దగ్గేవాడు. పెద్దమ్మ ముక్కలు కోస్తూ నా చేతిలోని ఆకు తీసి పక్కన పెట్టింది. వీధిలోకి వినపడేంత గొంతుతో అంది.

"పోయినవాళ్ళకి ఏడాదికోసారే పెడతారమ్మా. రోజూ పెట్టరు."

ఆ దగ్గు ఆగిపోయింది. ఆ తరువాత ఆవిడ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క ముక్క పెట్టలేదు.

అన్నట్టే చేసింది కూడాను. కర్మ చేసిన తిథినాడు, మాఘ బహుళంలో, ఏటేటా పొద్దున్నే తలంటకుండా స్నానం చేసి, మడిగట్టుకుని, దిబ్బరొట్టె వేసి, ఆకులో ముక్క పెట్టి పెరటి గోడ మీద ఉంచి కాకిని పిలిచేది. తాతగారు వద్దని కబురంపితే, నా మొగుడి తద్దినం వద్దనడానికి ఆయనెవరని అడగమంది. ఎవరూ అడగలేదు. ఆ వేళకి పెదనాన్న సంధ్యావందనం చేసుకుంటూ నూతి దగ్గర ఉండేవాడు, ఎటు పోవాలో తెలియక చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. కాకి వచ్చేది. బతికున్న మనిషి చూస్తూ ఉండగా ఆయన వాటా కాకి తినిపోయేది. ఒక్కసారి రాకపోతే బాగుండునని మేమంతా దేవుడికి మొక్కుకునేవాళ్ళం. ఒక్క ఏడూ మానలేదు. తిన్నారు, తృప్తిపడ్డారు, అనుకుని పెద్దమ్మ ఆకు తీసేసేది. ఆయన రోజురోజుకీ సన్నగా, చప్పుడు లేకుండా అయిపోయేడు. నడిచినా అడుగు వినపడేది కాదు. నేను కాపరానికి వెళ్ళేక పుట్టింటికి వచ్చినప్పుడల్లా, చీకటిపడే వేళ ఆయన దొడ్లో ఎదురైతే అడుగు వెనక్కి వేసేదాన్ని. దయ్యం కాదని తెలుసు, చిన్నప్పుడు ఆ పాదాలు చూసినదాన్ని. అయినా అంత వయసొచ్చాక కూడా పాదాలే చూసేదాన్ని.

రాజోలునుంచి వచ్చిన పిల్లని మేం కొత్త పెద్దమ్మ అనేవాళ్ళం. నా ఈడుదే గనక ముందు నేస్తం, తరవాతే పెద్దమ్మ. ఒక కొడుకు పుట్టేడు, వంశం నిలబడింది, తాతగారు చూసే పోయేరు. పాపం ఆ పిల్ల మాత్రం ఏం సుఖపడింది? మాట్లాడని మొగుడు, మాట్లాడని సవతి. సవతి అనడానికీ లేదు, శాస్త్రప్రకారం ఈవిడకి ఆయన ఏమీ కాడు. ఒకనాడు నేను పుట్టింట్లో ఉండగానే, చలి వెనకబట్టే ఈ రోజుల్లోనే, పెదనాన్న నిజంగా పోయేడు. నాలుగు రోజులు జ్వరం, అయిదోనాడు లేడు. ఇల్లంతా గొల్లుమంది. పెద్దమ్మ వంటింట్లో పీట వేసుకు కూచుంది. ఒక్కసారి వచ్చి చూడక్కయ్యా అని మా అమ్మ పిలిస్తే, నేను ఏడవవలసింది ఎప్పుడో ఏడ్చేసేనే, మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అంది. కోపం కాదది, నిజంగా అలాగే నమ్మింది. పదోరోజున ఆవిడకి చెయ్యవలసింది ఏమీ లేకపోయింది. గాజులు కొత్త పెద్దమ్మవే, జుట్టూ ఆ పిల్లదే.

మంగలి వచ్చినప్పుడు ఆ పిల్ల స్తంభాన్ని వాటేసుకుని రానని ఏడుస్తూంటే, అంతవరకూ లోపలే ఉన్న పెద్దమ్మ లేచి వచ్చింది. ఆ పిల్లతో ఆవిడ మాట్లాడ్డం నేను అదే మొదటిసారి వినడం. రావే తల్లీ, నేనున్నాను, కళ్ళు మూసుకో, అని దగ్గరకి లాక్కుని, ఆ తల తన మోకాళ్ళ మీద పెట్టుకుని అయిపోయేదాకా కూచుంది. మెల్లగా, తెగుతుందిరా అంటూ కత్తి పడే చోటల్లా ముందు తన వేలు పెట్టింది. ఆ సాయంత్రం అటక మీంచి పెద్ద మూకుడు దింపింది. రొట్టె దిగేక సరిగ్గా సగానికి కోసి, కరకరలాడే వైపు ఆ పిల్ల ఆకులో వేసి, తిను, రేపటినుంచి పప్పు నువ్వు రుబ్బు, నా చేతులు పోతున్నాయి, అంది. ఇద్దరూ ఒకే మనిషికి వెధవలు, పదిహేనేళ్ళ తేడాలో. అలా ఎదురెదురుగా కూచుని ఆవిడ పోయేదాకా రొట్టె పంచుకు తిన్నారు. ఆవిడ పోయేక తద్దినంనాడు గోడ మీద ముక్క పెట్టేవాళ్ళే లేరు.

ఇప్పుడు ఎవరైనా కాశీ వెళ్తే నెల తిరక్కుండా రైలు దిగి గంగచెంబులతో వచ్చేస్తున్నారు, మధ్యలో కార్డు ముక్కలు వస్తున్నాయి. గడ్డితో మనిషిని కట్టి కాల్చవలసిన అవసరం ఎవరికీ రావడం లేదు. మంచిదే. రాజమహేంద్రవరంలో బాలవితంతువులకి పెళ్ళిళ్ళు కూడా చేస్తున్నారట, ఇక్కడివాళ్ళు చెవులు మూసుకుంటారు గాని నేను మళ్ళీ మళ్ళీ చెప్పించుకు వింటాను. మా అబ్బాయి ఆ గాలి కాస్త పీల్చినవాడు. కిందటి వినాయకచవితినాడు మా మంగలిని పిలిచి, మా అమ్మ కోసం ఇంక రావద్దోయ్ అన్నాడు. ఈ వయసులో నాకెందుకురా అన్నాను, సిగ్గేసి. వాడు వినలేదు. చూస్తూండగానే మాఘం వచ్చేసింది. తల నిండా పెరిగింది, తెల్లగా, దూదిలాగ. పగలు కొంగు తియ్యను. పడుకున్నాక మాత్రం చెయ్యి దానంతటదే పోయి తడుముకుంటుంది. ఇంత బతుకు బతికి నాకు వచ్చిన ఈ జుట్టు నేనేం చేసుకోను చెప్పండి. అప్పుడు ఆవిడకి ఆయన ఒక్క మాటతో నిలిచేది.